సందేహాలు - సమాధానాలు: నోటీసు వచ్చిందా? ముందు కూర్చొని చదవండి

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళవే. పండించేవాళ్ళు, వండి అమ్ముకునేవాళ్ళు, గంప నెత్తిన పెట్టుకొని సంతకు వచ్చేవాళ్ళు రాశారు. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కనుక ఊరి పేరే వేస్తున్నాం.

పదేళ్ళుగా ఇంట్లో ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్ళు పెట్టి తెలిసినవాళ్ళకు అమ్ముతున్నాను. ఈమధ్య మా అబ్బాయి వాట్సాప్‌లో పెట్టాక హైదరాబాదుకు కూడా కొరియర్‌లో వెళ్తున్నాయి. లైసెన్సు లేకపోతే జైలేనని పక్కింటాయన అన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.
— గృహిణి, తెనాలి

హాయిగా నిద్రపోండమ్మా. ఏడాది అమ్మకాలు 12 లక్షల రూపాయలు దాటనివాళ్ళను 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం లైసెన్సు అడగదు. రిజిస్ట్రేషన్ చాలంటుంది. 2011 నిబంధనల ప్రకారం దానికి రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఆధార్, ఫొటో పట్టుకొని మీసేవకో నెట్ సెంటరుకో వెళ్తే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసిపెడతారు. 14 అంకెల నంబరు వస్తుంది.

ఆ నంబరు, మీ చిరునామా, దినుసుల పేర్లు, బరువు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు సీసా మీద ఉండాలి. అధికారి వచ్చి వంటిల్లు చూసి లోపాలు చెప్పడం మామూలే. వాటిని సరిచేసుకోవడానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, గడువు 14 రోజులకు తగ్గకూడదు. ఆ నోటీసును పక్కన పడేసి ఊరుకుంటే మాత్రం అప్పుడు భయపడాలి.

రెండు గేదెలున్నాయి. పొద్దుటి పాలు కేంద్రానికి పోస్తాను, సాయంత్రం పాలు నాలుగిళ్ళకు ఇస్తాను. మొన్న ఒకాయన వచ్చి శాంపిల్ పట్టుకుపోయాడు. వెన్న తక్కువని తేలితే అరెస్టు చేస్తారా?
— పాడి రైతు, వేమూరు

వెన్న శాతం తగ్గినంత మాత్రాన అరెస్టు ఉండదు. నాణ్యత తగ్గిన సరుకుకు జరిమానా ఉంటుంది, అదీ మీ మాట విన్నాకే వేస్తారు. జైలు దాకా పోయేది యూరియా, డిటర్జెంటు లాంటి ప్రాణానికి హాని చేసేవి కలిపినప్పుడు. ఎండాకాలంలో పచ్చిమేత దొరక్క వెన్నశాతం మారడం ఏ పాడి రైతుకైనా ఎదురయ్యేదే.

శాంపిల్ తీసినాయన ఆ పాలకు మామూలు ధర చెల్లించాలి, మీకు నోటీసు ఇవ్వాలి, శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. నాలుగో భాగాన్ని గుర్తింపు పొందిన మరో ప్రయోగశాలకు పంపమని అడిగే హక్కు మీకుంది. వచ్చిన రిపోర్టు తప్పనిపిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. పాలన్నీ సహకార సంఘానికే పోసే సభ్యుడికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీరు ఇళ్ళకు కూడా ఇస్తున్నారు కనుక ఆ 100 రూపాయల రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. కౌలు కార్డుకు సంతకం పెట్టమంటే ఆసామి ససేమిరా అంటున్నారు. పొలం నాది అయిపోతుందని ఆయన భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట పోతే పరిహారం లేదు. నేనేం చేయాలి?
— కౌలు రైతు, అమృతలూరు

ఇక్కడ భయపడుతున్నది మీరొక్కరే కాదు, ఆయనా భయపడుతున్నారు. ముందు ఆయన భయం తీర్చండి, మీ పని సగం తేలికవుతుంది. 1956 నాటి కౌలుదారీ చట్టం పేరు చెబితే డెల్టాలో పాత ఆసాములు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. ఆ చట్టం ఇప్పుడు లేదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం దాన్నీ, 2011 నాటి రుణ అర్హత కార్డుల చట్టాన్నీ రద్దు చేసింది. కొత్త చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే చెల్లుతుంది. అది పంట మీద హక్కునిస్తుందే గాని భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఆసామి పాసుపుస్తకం, పేరు, హద్దులు ఎక్కడివక్కడే ఉంటాయి. వీఆర్వోనో వ్యవసాయ సహాయకుణ్ణో వెంటబెట్టుకొని వెళ్ళి, ఈ మాట వాళ్ళ నోట ఆయనకు చెప్పించండి. మీరు చెబితే వాదన అవుతుంది, వాళ్ళు చెబితే కబురు అవుతుంది.

అయినా ఒప్పుకోకపోతే బలవంతంగా సంతకం పెట్టించే దారి ఈ చట్టంలో లేదు. సాగు చేసేవాడి చేతికి కార్డు ఇస్తానంటూ కలం మాత్రం భూమి ఉన్నవాడి చేతిలో పెట్టడం ఈ చట్టంలోని పెద్ద లొసుగని నా అభిప్రాయం. అందాకా సాక్ష్యం కూడబెట్టుకోండి. కౌలు డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. బస్తాల లెక్కన ఇస్తే చీటీ రాయించుకోండి. ఎరువుల బిల్లులు మీ పేరున తీసుకోండి. రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు జరిగే రోజు పొలంలో ఉండి, సాగు చేస్తున్నది మీరని చెప్పండి. భూమి హామీ లేని కౌలు రైతులు నలుగురైదుగురు కలిసి సంఘంగా అప్పు తీసుకునే పద్ధతి నాబార్డ్ ఎప్పుడో పెట్టింది. మీ బ్యాంకు మేనేజరును జేఎల్జీ అని అడిగితే తెలుస్తుంది.

ఏటా మా సాంబ మసూరి వడ్లలో మంచివి ఏరి విత్తనానికి దాచుకుంటాం, ఇరుగుపొరుగుకూ ఇస్తాం. దాచిన విత్తనం వేస్తే కంపెనీలు కోర్టుకీడుస్తాయని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?
— రైతు, కర్లపాలెం

మీకు ఆ భయం అక్కర్లేదు. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, మీకు కూతవేటు దూరంలో బాపట్లలోనే తయారై 1986లో విడుదలైన వంగడం. ప్రజల డబ్బుతో సాగిన పరిశోధన ఫలం అది, ఏ కంపెనీ సొత్తూ కాదు.

కంపెనీ పేరున నమోదైన వంగడమైనా సరే, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతుకు కొండంత అండ. విత్తనం దాచుకోవచ్చు, తిరిగి వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒక్కటే కట్టడి: సంచిలో పోసి, ఆ రకం పేరుతో లేబులు వేసి, బ్రాండు విత్తనంగా అమ్మకూడదు. 1966 నాటి విత్తనాల చట్టం 24వ సెక్షన్ కూడా, రైతు తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గర విత్తుకునేవాడికి నేరుగా ఇచ్చుకుంటే ఈ చట్టం వర్తించదని చెబుతోంది. అందుకని ఇరుగుపొరుగుకు ఇవ్వడం ఎప్పటిలాగే సాగించండి. బజారులో కొట్టు పెట్టి అమ్మాలంటే మాత్రం లైసెన్సు కావాలి.

మీరు చూసిన వీడియో బహుశా గుజరాత్ సంగతి. అక్కడ చిప్స్‌కు వాడే ఒక బంగాళాదుంప రకం వేశారని 2019లో పెప్సికో కంపెనీ రైతుల మీద కోటి రూపాయల పైచిలుకు దావాలు వేసింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ ఏడాది మే నెలలోనే కంపెనీ దావాలు వెనక్కి తీసుకుంది. వీడియోలు తీసేవాళ్ళు కథలో ఈ చివరి భాగం చెప్పరు.

వరి కోశాక మొక్కజొన్న వేశాను. చేను ఏపుగా ఎదిగింది గాని కంకుల్లో గింజ కట్టలేదు. కొట్టాయన బిల్లు తెల్లకాగితం మీద ఇచ్చాడు. విత్తనం దాచలేదు కనుక కేసు నిలవదంటున్నారు.
— రైతు, కొల్లిపర

నిలుస్తుంది. ఇదే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తెచ్చింది కూడా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసే. జాతీయ విత్తన సంస్థకూ మధుసూదన్ రెడ్డి అనే రైతుకూ మధ్య నడిచిన ఆ కేసులో 2012 జనవరిలో తీర్పు వచ్చింది. కొన్న విత్తనమంతా చల్లుకునే రైతును పరీక్షకు కొంత దాచి ఉంచలేదేమని అడగడం న్యాయం కాదని, రైతు కూడా వినియోగదారుడేనని కోర్టు తేల్చింది.

మీరిప్పుడు తొందరపడి చేను దున్నేయకండి. మండల వ్యవసాయాధికారికి రాసిచ్చి, రసీదు తీసుకొని, ఆయన వచ్చి చూసి రిపోర్టు రాసేదాకా కొంత భాగమైనా నిలిపి ఉంచండి. ఖాళీ సంచి, దానికి కుట్టిన ట్యాగు, ఆ తెల్లకాగితం భద్రం చేయండి. ఫోనులో డబ్బు కట్టి ఉంటే ఆ వివరమూ సాక్ష్యమే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. అయితే తెగులు వల్లో నీటి ఎద్దడి వల్లో గింజ పోయిందని అధికారి రాస్తే విత్తనం మీద కేసు నిలబడదు. ఆ మాట ముందే అడిగి తెలుసుకోండి.

ఊరి నుంచి ఆకుకూరలు, దొండకాయలు తెచ్చి తెనాలిలో రోడ్డు పక్కన అమ్ముకుంటాను. మొన్న మున్సిపాలిటీ వాళ్ళు తట్టలన్నీ ట్రాక్టర్లో వేసుకుపోయారు. సాయంత్రానికి కూర వాడిపోయింది. మళ్ళీ వెళ్ళాలంటే కాళ్ళు వణుకుతున్నాయి.
— కూరగాయలమ్మే మహిళ, చుండూరు

మీరు దొంగతనం చేయలేదమ్మా, తలవంచుకోవాల్సిన పని లేదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, తట్టలో పెట్టుకొని అమ్మేవాళ్ళకూ అది వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం పట్టణంలో సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. తొలగించాల్సి వచ్చినా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పాడయ్యే సరుకునైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి, పాడుకానిదైతే రెండు పనిదినాల్లో.

ఈసారి అలా జరిగితే ముందు జాబితా అడగండి. అరవడం, గుంజుకోవడం వద్దు. అదే రోజు కమిషనరు గారి పేర అర్జీ రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే సభ్యులుగా ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. సర్వేలో మీ పేరు రాయించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. దారికి అడ్డంగానో ఆసుపత్రి గేటు ముందో కూర్చుంటే మాత్రం వేరే చోటుకు పొమ్మనే అధికారం వాళ్ళకుంది. మీ పొలంలో పండినవే అయితే రైతుబజారులో చోటుకు కూడా దరఖాస్తు పెట్టండి. 1999లో అవి పెట్టిందే దళారీ లేకుండా రైతు అమ్ముకోవడానికి.

మిల్లుకు తోలిన వడ్లలో తేమ ఎక్కువని బస్తాకు రెండు కిలోలు తరుగు తీశారు. ఇది సబబేనా?
— రైతు, చెరుకుపల్లి

రైతు సేవా కేంద్రం ద్వారా ప్రభుత్వానికి అమ్మినవైతే సబబు కాదు. వడ్లలో 17 శాతం దాకా తేమను ప్రభుత్వ ప్రమాణాలే ఒప్పుకుంటాయి. తేమ పరీక్ష మీ కళ్ళ ముందే చేయించి, వచ్చిన అంకె చీటీ మీద రాయించుకోండి, తరుగు మాట అక్కడే తేలిపోతుంది. 2025-26కు ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు, 75 కిలోల బస్తాకు దాదాపు 1,792. కళ్ళంలో దళారీకి అమ్మితే ఈ ధర ఇచ్చి తీరాలని ప్రైవేటు వ్యాపారిని కట్టడి చేసే చట్టం మనకు లేదు. తూకంలో మోసం జరిగితే మాత్రం ఎవరికి అమ్మినా తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

దుగ్గిరాల యార్డుకు పసుపు తీసుకెళ్తే మార్కెట్ సెస్సు నా దగ్గరే పట్టుకున్నారు.
— రైతు, కొల్లూరు

మార్కెట్ రుసుము కట్టాల్సింది కొన్నవాడు, మీరు కాదు. తక్‌పట్టీలో ఏ పేరు మీద ఎంత కోశారో వరస వారీగా రాసి ఉండాలి. అది పట్టుకొని మార్కెట్ కమిటీ కార్యదర్శిని కలవండి. తక్‌పట్టీ ఇవ్వకుండా చిత్తుకాగితం ఇస్తే అనుమానించాల్సిందే.

మా వరిచేను పక్కన రెండేళ్ళ కిందట రొయ్యల చెరువు తవ్వారు. గట్టు వెంట పది సెంట్లలో నారు కొసలు ఎండిపోతున్నాయి. చెరువు వాళ్ళు పలుకుబడి ఉన్నవాళ్ళు. పొలం వాళ్ళకే అమ్ముకుపోవడం తప్ప దారి లేదా?
— రైతు, నగరం మండలం

ఇప్పుడే అమ్మకండి. భయంలో అమ్మిన పొలానికి ధర రాదు. పైగా చట్టం ఈ విషయంలో మీరనుకుంటున్నంత బలహీనంగా లేదు. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు వ్యవసాయ భూములను, ఉప్పు మళ్ళను, మడ అడవులను రొయ్యల చెరువులుగా మార్చకూడదని చెప్పింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, ఉప్పునీటి చెరువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. 2020లో రాష్ట్రం కూడా ఆక్వా సాగుకు లైసెన్సులిచ్చే చట్టం తెచ్చింది. ఇన్ని ఉన్నా తీరం వెంట చెరువులు ఎలా పెరిగాయో మీకు, నాకు తెలిసిందే. అయినా కాగితం అడిగేవాడు ఒకడు ఊళ్ళో ఉన్నాడంటే లెక్కలు మారతాయి.

మొదట ఆ సర్వే నంబరులో చెరువుకు అనుమతి ఉందా, ఏ నీటి సాగుకు ఇచ్చారు అని మత్స్యశాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆలోగా మట్టి పరీక్ష చేయించండి. గట్టు పక్క మట్టి ఒక సంచిలో, చేను అవతలి కొసన మట్టి మరో సంచిలో విడివిడిగా తీయండి. రెండింటి మధ్య ఉప్పు తేడాయే మీ కేసు. ఉప్పునీటి సాగు మీద పరిశోధన చేసే కేంద్రం బాపట్లలోనే ఉంది, మీ వ్యవసాయాధికారిని అడిగితే దారి చెబుతారు.

అనుమతి లేదని తేలితే ఆ కాగితాలతో తహసీల్దారుకు, కలెక్టరుకు ఫిర్యాదు చేయండి. అనుమతి ఉన్నా మీ చేనులోకి ఉప్పు ఊరనివ్వకుండా ఊటకాలువ తవ్వి ఆపాల్సిన పూచీ చెరువు వాళ్ళదే. దానికోసం సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగవచ్చు. హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్ళాలంటే వివాదం పుట్టిన ఆరు నెలల్లోపు వెళ్ళాలి. జరిగిన నష్టానికి పరిహారం అడగడానికైతే ఐదేళ్ళ గడువుంది.

ఒక కారు గట్టు వెంట పంట తగ్గడం ఇతర కారణాల వల్లా జరుగుతుంది. తెల్లటి పొడి నేల మీద పేరుకోవడం, తాగే బోరు నీళ్ళు ఉప్పగా మారడం చూస్తే ఆలస్యం చేయవద్దు. పక్క రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి సంతకాలు చేస్తే పలుకుబడి సంగతి కొంత సర్దుకుంటుంది.

నిజాంపట్నం హార్బరులో చేపలు కొని ఎండబెట్టి ఊళ్ళు తిరిగి అమ్ముతాను. నాకూ లైసెన్సు కావాలా?
— ఎండుచేపలమ్మే మహిళ, రేపల్లె

లైసెన్సు కాదు, పైన పచ్చళ్ళ తల్లికి చెప్పిన రిజిస్ట్రేషనే మీకూ చాలు. తాను పట్టిన చేపను తానే ఇచ్చే జాలరికి ఆహార భద్రత చట్టం వర్తించదు, 18వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. కొని, ఎండబెట్టి అమ్మే మీకు వర్తిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఎండుచేపలు అమ్మితే పట్టుకుంటారన్నది ఉత్త పుకారు. నిషేధం ఇంజన్ల పడవల వేటకే గాని మీ గంపకు కాదు.

ప్రకృతి సేద్యంలో పండించిన బియ్యం మీద ‘సేంద్రియ’ అని రాసి అమ్మితే సర్టిఫికెట్ లేదని కేసు పెడతారా?
— రైతు, పొన్నూరు

తినేవాళ్ళకు మీరే నేరుగా అమ్ముతుంటే 2017 సేంద్రియ ఆహార నిబంధనల్లో చిన్న రైతులకు మినహాయింపు ఉంది. జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేయకూడదు. కొట్లకు వేయాలనుకుంటే సర్టిఫికెట్ కావాలి. తోటి రైతులు ఒకరినొకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి ఖర్చు తక్కువది, దాన్ని చూడండి.

పంట అప్పు రెండేళ్ళుగా కట్టలేకపోయాం. ఇల్లు, పొలం వేలం వేస్తామని ఫోన్లు చేస్తున్నారు. మా ఆయన సరిగ్గా అన్నం తినడం లేదు. లాయరును పెట్టుకునే స్తోమత లేదు.
— ఓ రైతు భార్య, భట్టిప్రోలు

ముందు ఆయన చేత అన్నం తినిపించండమ్మా, పొలం రేపటికి పోదు. కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చిన సర్ఫేసీ చట్టం, 31వ సెక్షన్లో వ్యవసాయ భూమిని మినహాయించింది. కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకున్నా రైతు కాపురముండే ఇల్లు, నాగలి, పశువులు, విత్తనపు గింజలు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. ఆ ఇంటినే తాకట్టు పెట్టి ఉంటే సంగతి వేరు, అప్పు కాగితాల్లో అది చూసుకోండి.

సహకార బ్యాంకు అప్పు అయితే వసూలు పద్ధతి వేరు, వాళ్ళ చట్టం కింద పొలం అమ్మకానికి పెట్టే వీలుంది. కనుక అప్పు ఏ బ్యాంకుదో ముందు చెప్పండి. బంగారం మీద అప్పుకు కూడా ఈ రక్షణలు రావు. ఉదయం 8 గంటల ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బెదిరించిన ఫోను నంబరు, తేదీ రాసి ఉంచండి. అప్పు తీర్చడానికని చేబదులు తెచ్చి, ఖాళీ ప్రోనోటు మీద మాత్రం సంతకం పెట్టకండి. నేను చూసిన కేసుల్లో ఇళ్ళు కూల్చింది బ్యాంకు నోటీసుల కన్నా ఆ ఖాళీ కాగితాలే ఎక్కువ.

లాయరు ఖర్చు గురించి బెంగ వద్దు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టమే చెబుతోంది. తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టుల ఆవరణలోనే న్యాయ సేవా కమిటీలున్నాయి. రాలేకపోతే 15100కు ఫోన్ చేయండి. కన్నీళ్ళతో ఇంటాయన మౌనంగా ఉండిపోవడం, నిద్రపోకపోవడం ఎక్కువైతే చట్టం సంగతి పక్కనబెట్టి ముందు డాక్టరుకు చూపించండి.

చివరగా పాఠకులందరికీ ఒక మనవి. ఈసారి ఇద్దరు అసలు పాసుపుస్తకాలే కవరులో పెట్టి పంపారు. రిజిస్టర్ పోస్టులో తిరిగి పంపుతున్నాం. ఇకపై జిరాక్సులు చాలు, అసలు కాగితం మీ బీరువాలోనే ఉండాలి.